గాలి ఇచ్చింది తక్కువ, లాక్కుంది ఎక్కువ

లండన్‌లో మాస్టర్స్ చేస్తున్న మా మేనకోడలు ఇస్తాంబుల్ చూసొచ్చి ఫోన్ చేసింది. "మామయ్యా, వచ్చేటప్పుడు అదే దూరానికి అరగంట పైనే ఎక్కువ పట్టింది, చుట్టు తిప్పి తెచ్చాడా ఏంటి?" అని. గడియారాల తేడా (చలికాలంలో 3 గంటలు, ఎండాకాలంలో 2) తీసేశాకే అడుగుతోంది కాబట్టి ఆ గొడవ వదిలేద్దాం.

ఇలాంటిది వినగానే చాలామంది "భూమి తిరుగుతోంది కదా" అంటారు. అదే నిజమైతే భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి ఇస్తాంబుల్ తనే ముందుకి జరిగిపోవాలి, పడమరకి వచ్చే విమానమే తొందరగా రావాలి, జరిగేది దానికి పూర్తిగా ఉల్టా! రన్నింగ్ ట్రైన్‌లో రూపాయి బిళ్ల ఎగరేస్తే వెనక బోగీలో పడదు కదా, గాలీ విమానమూ కూడా భూమితో పాటే తిరుగుతున్నాయి.

అసలు సంగతి జెట్ స్ట్రీమ్. ఉత్తరాన చలి, దక్షిణాన వేడి, ఆ తేడాకి భూభ్రమణం తోడై సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి నదిలా గాలి పారుతుంటుంది, విమానాలు తిరిగేదీ ఆ ఎత్తులోనే.

ఇక్కడే నాకిష్టమైన లెక్క. బ్యాంక్ కోచింగ్‌లో పడవలు-ప్రవాహాలు అని షార్ట్‌కట్లు బట్టీ పట్టిస్తారు చూడండి, అదే ఇది, కానీ అందులో ఉన్న తమాషా ఒక్కరూ చెప్పరు. లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్ నుంచి ఇస్తాంబుల్ దాదాపు 2,490 కిలోమీటర్లు. విమానం వేగం గంటకి 830 అనుకుందాం, గాలే లేకపోతే సరిగ్గా 3 గంటలు (టేకాఫ్, ట్యాక్సీయింగ్ పక్కన పెట్టండి). వెనక నుంచి 100 గాలి తోస్తే 930, అంటే 2 గంటల 41 నిమిషాలు, 19 నిమిషాలు లాభం. తిరుగు ప్రయాణంలో 730, 3 గంటల 25 నిమిషాలు, 25 నిమిషాలు నష్టం. ఇచ్చింది 19, లాక్కుంది 25! గాలి రెండువైపులా ఒకటే కదా, చెల్లుకి చెల్లు ఎందుకవ్వలేదు? ఎందుకంటే సాయం చేసే గాలిలో మనం ఉండేది తక్కువసేపు, అడ్డుపడే గాలిలో ఉండేది ఎక్కువసేపు. గాలి 200 అయితే లాభం 35, నష్టం 57, నికరంగా 22 నిమిషాలు పోయాయి, అంటే గాలి రెట్టింపైతే నష్టం దాదాపు నాలుగు రెట్లు, వర్గం ప్రకారం పెరుగుతుంది. పక్క నుంచి వీచినా తప్పదు, విమానం ముక్కు గాలివైపు కాస్త తిప్పి ఏటవాలుగా పోవాలి, వర్గమూలం (830² − 100²) చేస్తే 824, అక్కడా కొంచెం పోయింది. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈథర్‌ని (కాంతి ప్రయాణించడానికి అంతటా నిండి ఉందని అప్పట్లో అనుకున్న పదార్థం) పట్టుకోడానికి కాంతి మీద వేసింది సరిగ్గా ఈ ఎదురు-అడ్డం లెక్కే, విమానం బదులు కాంతి, గాలి బదులు ఈథర్, తేడా మాత్రం దొరకలేదు, ఫిజిక్సే మారిపోయింది.

మా బామ్మ ఆది, శుక్రవారాలు పడమర ప్రయాణం వద్దనేది, వారశూల అట. ఈ రూట్లో వారంలో చాలా రోజులు పడమరే శూల!

ఇదంతా విని "అయితే గాలి లేని రోజు చూసి టికెట్ బుక్ చేసుకోవాలా" అంది మా మేనకోడలు. చలికాలంలో ఆ ఎత్తులో అలాంటి రోజు దొరకడం కష్టమే అమ్మా, జూలైలో వెళ్ళు, అప్పుడు జెట్ స్ట్రీమ్ నీరసించి ఉత్తరానికి జరుగుతుంది, తేడా తగ్గుతుంది అన్నాను. జూలైలో టికెట్ రేటెంతో చూశావా మామయ్యా అంది.