మనవైపే చూసినట్టుంటుంది

కొన్నేళ్ల క్రితం ఒక థియేటర్లో నా పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. సినిమా మొదలైన పావుగంటకి హీరో మొహం తెర నిండా వచ్చింది. డైలాగ్ ఏమీ లేదు, కళ్లెత్తి చూశాడంతే. ఆవిడ చేతిలో నీళ్ల సీసా ఉంది, మూత తిప్పుతోంది, తిప్పుతున్న చెయ్యి తిప్పుతున్నట్టే ఆగిపోయింది. ఆ షాట్ అయ్యేదాకా మూత సగం తిరిగి అలాగే ఉండిపోయింది. ఇంటర్వెల్లో నేను ఆవిడ వైపు చూసి నవ్వితే ఏ మొహమాటమూ లేకుండా అంది: "ఆ అబ్బాయి చూస్తే మనవైపే చూసినట్టుంటుందమ్మా."

ఎంత అందగాడో అనలేదు చూడండి. చూసినట్టుంటుంది అంది. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. అందమైన హీరోల్ని ఆరాధించేవాళ్లంటే చాలామందికి చులకన, అందులోనూ ఆడపిల్లలైతే మరీ. ఎర్రగా బుర్రగా ఉంటే చాలు పడిపోతారంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఎందుకంటే మొహాల మీదా మెదడు మీదా జరిగిన పరిశోధనలు చదివేకొద్దీ నాకు అర్థమైంది ఒకటే: అందం ఆ మనిషి మీద మన చూపు నిలబెడుతుంది, అంతవరకే. ఆ తర్వాత మనల్ని కట్టిపడేసేది దగ్గరితనం. ఆ దగ్గరితనాన్ని సగం కెమెరా తయారుచేస్తుంది, మిగతా సగం మనమే చేసుకుంటాం.

చూపు దగ్గరే మొదలుపెడతాను. 2001లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక చిన్న పేపర్ ప్రచురించారు. కొంతమందిని ఎమ్మారై స్కానర్లో పడుకోబెట్టి, ముక్కూమొహం తెలియని మనుషుల ఫొటోలు చూపించారు. ఒకే మనిషి ఒక ఫొటోలో నేరుగా చూస్తుంటాడు, ఇంకో ఫొటోలో చూపు పక్కకి ఉంటుంది. మన మెదడు లోపల వెంట్రల్ స్ట్రయాటమ్ అని ఒక భాగం ఉంది, ఆకలిగా ఉన్నప్పుడు తిండి కనబడినా, అనుకోకుండా డబ్బు చేతికొచ్చినా చురుగ్గా స్పందించే భాగం అది. మొహం ఎంత అందంగా ఉంటే, అది నేరుగా చూస్తున్న ఫొటోకి ఈ భాగం అంత ఎక్కువ స్పందించింది. అదే అందమైన మొహం చూపు పక్కకి తిప్పుకుంటే ఆ స్పందన పడిపోయింది. అంటే మెదడు లెక్కలో అందం ఒక్కటే లాభం కాదు, ఆ అందం మనల్ని పట్టించుకుంటేనే లాభం, పట్టించుకోకపోతే అది ఒకరకమైన నిరాశ. పెద్దావిడ చెప్పింది అక్షరాలా అదే.

కానీ సినిమాలో నటుడు కెమెరా కంట్లోకి చూడడు కదా, చూడకూడదని చెప్తారు కూడా, అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. అతను చూసేది ఎదురుగా ఉన్న హీరోయిన్ని. అయితే ఆ సమయంలో కెమెరా ఎక్కడుంటుందో గమనించండి. చాలాసార్లు ఆమె భుజం వెనక, లేదా దాదాపు ఆమె నిలబడ్డ చోటే. అతని చూపు లెన్సుకి వెంట్రుకవాసి పక్కగా పోతుంది. అంటే ఆమె కోసం పుట్టిన చూపు దారిలో మనల్ని తాకుతూ పోతుంది, మనం ఆమె చోట్లో కూర్చుని ఉంటాం కాబట్టి. పోస్టర్లలోనూ ఫొటోల్లోనూ ఆ వెంట్రుకవాసి కూడా ఉండదు, తిన్నగా మన కళ్లలోకే.

ఇక దూరం సంగతి. మనుషులు ఒకరికొకరు ఎంత ఎడంలో నిలబడతారో గమనించిన అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో వచ్చిన తన పుస్తకంలో ఈ దూరాల్ని వివరంగా రాశాడు. ఆయన లెక్కలో సుమారు 45 సెంటీమీటర్ల లోపలి దూరం మనకి అతి దగ్గరివాళ్లది. అమ్మ, చంటిబిడ్డ, భార్య, భర్త, ఇంకా కొద్దిమంది, అంతే. మరొకరెవరైనా అంత దగ్గరికొస్తే మనకి తెలియకుండానే ఒక అడుగు వెనక్కేస్తాం. క్లోజప్‌లో మనం హీరోని చూసేది దాదాపు ఆ దూరంలో ఉన్నట్టే. కనురెప్పల వెంట్రుకలు కనబడతాయి, గొంతులో ఏదో అడ్డుపడి మింగడం కనబడుతుంది, పెదవి చివర చిన్న వణుకు కనబడుతుంది. పైగా అడుగు వెనక్కేయాల్సిన పని లేదు. బయట ఏ మనిషినైనా మనం అలా రెండు గంటలు కళ్లార్పకుండా చూడగలమా? నాకైతే కట్టుకున్నవాణ్ణి కూడా అంతసేపు చూసే వీలు ఎప్పుడూ దొరకలేదు.

2004లో సైన్స్ పత్రికలో వచ్చిన యూరీ హాసన్ బృందం ప్రయోగం ఇక్కడ చెప్పుకోవాలి. ఐదుగురిని విడివిడిగా స్కానర్లో పెట్టి ఒక పాత కౌబాయ్ సినిమా అరగంటపాటు చూపించారు. ఎలా చూడాలో, ఏది చూడాలో చెప్పలేదు. అయినా ఐదు మెదళ్లలోనూ చాలా భాగాలు ఒకే సమయానికి లేచాయి, ఒకే సమయానికి పడ్డాయి. అప్పుడు వాళ్లు వెనక్కి వెళ్లి, మొహాల్ని గుర్తుపట్టే మెదడు భాగం బాగా లేచిన క్షణాల్లో తెర మీద ఏముందా అని చూస్తే, ఎక్కువగా దొరికినవి మొహాల క్లోజప్పులే. మెదడు ఆ మొహాల్ని తెర బొమ్మలని వేరే లెక్కలో వేయదు. తెర పుట్టి 130 ఏళ్లయింది, మొహాలు చదివే ఏర్పాటు లక్షల ఏళ్లది. ఎదురుగా అంత పెద్ద మొహం కనబడితే, ఇది ఎదుట నిజంగా ఉన్న మనిషి కాదని తనకి తాను చెప్పుకునే అలవాటు ఆ ఏర్పాటుకి లేదు. మనకి తెలుసు, దానికి తెలియదు.

అందాన్ని తీసిపారేస్తున్నానని అనుకోకండి, దానికీ తన లెక్కలున్నాయి. 1878 ప్రాంతంలో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త నేరస్థుల ఫొటోలు ఒకదాని మీద ఒకటి ముద్రించి, నేరస్థుడి అసలు మొహం ఎలా ఉంటుందో పట్టుకోవాలనుకున్నాడు. అలా కలిపాక వచ్చిన మొహం విడి మొహాలకంటే అందంగా తేలింది. సుమారు 110 ఏళ్ల తర్వాత, 1990లో, జుడిత్ లాంగ్లోయిస్, లోరీ రాగ్‌మన్ కంప్యూటర్లో మొహాల్ని కలిపి అదే చూపించారు, 32 మొహాల సగటు చాలా విడి మొహాలకంటే ఎక్కువ మందికి నచ్చింది. సగటు మొహం మెదడుకి శ్రమ లేకుండా అర్థమవుతుందని ఒక వివరణ. మగ మొహం విషయంలో ఇంకో విశేషం ఉంది. గట్టి దవడ, బరువైన కనుబొమలు, ఇవే మగ అందమని మనం అనుకుంటాం. 1998లో డేవిడ్ పెరెట్ బృందం మగ మొహాల్ని కొంచెం ఆడతనం వైపూ కొంచెం మగతనం వైపూ జరిపి చూపిస్తే, జనానికి నచ్చింది కాస్త మెత్తబడ్డ మొహం. మరీ మగతనం ఎక్కువైతే అది కఠినమైన మనిషి మొహంలా, నమ్మదగని మొహంలా అనిపించిందన్నారు. తర్వాతి పరిశోధనలన్నీ దీంతో ఏకీభవించలేదు. కానీ తెర మీద ఎన్ని తన్నులాటలైనా, ఆ మనిషి కళ్లలో నీళ్లు తిరిగిన ఒక్క షాట్ గురించే ఇంటికొచ్చాక మాట్లాడుకుంటాం, అది మాత్రం నేను మళ్లీ మళ్లీ చూశాను.

నెలసరి రోజుల్ని బట్టి ఆడవాళ్లకి నచ్చే మగ మొహాలు మారతాయని మీరు ఎక్కడో చదివే ఉంటారు. పత్రికలు తెగ రాశాయి, నేనూ నమ్మాను. 2018లో దాదాపు 600 మంది ఆడవాళ్లతో, హార్మోన్లు నేరుగా కొలిచి మరీ చేసిన పరిశోధనలో దానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. కాబట్టి అభిమానాన్ని హార్మోన్ల ఖాతాలో వేసేవాళ్లకి ఆ సమాధానం ఇస్తే సరిపోతుంది.

మరి ఒకే ఇంట్లో పెరిగిన అక్కకి ఒక హీరో, చెల్లికి ఇంకో హీరో ఎందుకు? మా ఇంట్లో దీని మీద గొడవలయ్యేవి, అలగడాలు కూడా. ఎవరు అందంగా ఉన్నారన్నదాంట్లో జనం అభిప్రాయాలు సుమారు సగం కలుస్తాయి, మిగతా సగం ఎవరిది వాళ్లదే. 2015లో 500కు పైగా ఒకేలాంటి కవల జంటల్నీ, 200కు పైగా మామూలు కవల జంటల్నీ పోల్చి చూస్తే, ఆ ఎవరిది వాళ్లదైన సగానికి ఎక్కువ కారణం జన్యువులు కావనీ, ఎవరి జీవితంలో వాళ్లకి ఎదురైన మనుషులూ అనుభవాలేననీ తేలింది. చిన్నప్పుడు ఆప్యాయంగా పలకరించిన ఒక టీచరు నవ్వో, ఒక మామయ్య కళ్లో, ఏళ్ల తర్వాత తెర మీద ఒక మొహంలో తగులుతాయేమోనని నాకనిపిస్తుంది. మా చెల్లి హీరో నవ్వు మా పెదనాన్న నవ్వులా ఉంటుందని నాకు మొన్నమొన్ననే తట్టింది.

పదేపదే చూసినది నచ్చడం మొదలవుతుందని 1968లో రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వవేత్త చూపించాడు. ట్రైలర్లూ పోస్టర్లూ పాటలూ చేసే పని అదే.

మిగతా సగం మనమే చేసుకుంటామన్నాను కదా, దానికి రష్యా వెళ్లాలి. 1920 ప్రాంతంలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి మొహం షాట్‌ని, ఏ భావమూ లేని ఒకే షాట్‌ని, సూప్ గిన్నె పక్కన ఒకసారి, శవపేటిక పక్కన ఒకసారి, ఇంకేదో పక్కన ఇంకోసారి అతికించాడని చెబుతారు. చూసినవాళ్లు ఆహా ఎంత ఆకలి చూపించాడు, ఎంత దుఃఖం చూపించాడు అని మెచ్చుకున్నారట. ఆ ఫిల్మ్ ముక్క ఇప్పుడు లేదు, కానీ తర్వాత ప్రయోగశాలల్లో చేసినవాళ్లకీ ఇలాంటి ప్రభావం కనబడింది. ఎక్కువమంది పట్టించుకోని సంగతొకటి ఏమిటంటే, ఆ నటుడు ఇవాన్ మోజుఖిన్ ఆ రోజుల్లో రష్యా అంతా ఆరాధించిన అందగాడు. కదలని ఆ మొహంలో జనం తమ ఆకలీ తమ దుఃఖమూ చూసుకున్నారు. అభిమానంలో ఎంత భాగం అభిమాని సొంత సంపదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

దీనికి తోడు, అందంగా ఉన్నవాళ్లు మంచివాళ్లు కూడా అయ్యుంటారని అనుకోవడం మనకి పుట్టుకతో వచ్చినంత సహజం. 1972లో కారెన్ డయాన్, ఎలెన్ బెర్షీడ్, ఎలెయిన్ వాల్‌స్టర్ చేసిన ప్రయోగంలో, ఫొటో తప్ప ఇంకేమీ తెలియకుండానే జనం అందమైనవాళ్లకి మంచి స్వభావమూ, మంచి ఉద్యోగమూ, సుఖమైన సంసారమూ ఉంటాయని రాసేశారు. మంచి తల్లిదండ్రులవుతారా అన్న ప్రశ్నకి మాత్రం అదనపు మార్కులు వేయలేదు. హీరో ఎలాగూ కథలో త్యాగాలు చేస్తాడు, అమ్మని కాపాడతాడు, కాబట్టి మొహం ఇచ్చిన హామీని కథ తీరుస్తూ పోతుంది, సినిమా తర్వాత సినిమా.

ఇదంతా ఎంత దూరం వెళ్తుందో 1926లోనే తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 23న హాలీవుడ్ హీరో రుడాల్ఫ్ వాలెంటినో న్యూయార్క్‌లో చనిపోయాడు, 31 ఏళ్లకే. శవాన్ని ఉంచిన చోట లక్షమంది దాకా పోగయ్యారని అంచనా, తోపులాటలో కిటికీ అద్దాలు పగిలాయి. అవి మూకీల రోజులు, సినిమాల్లో ఆయన గొంతు కూడా ఎవరూ వినలేదు. వాళ్లందరికీ పిచ్చి అని రాసినవాళ్లున్నారు. 30 ఏళ్ల తర్వాత, 1956లో, డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ దీనికి వేరే పేరు పెట్టారు, పారాసోషల్ అన్నారు. ఒకవైపు నుంచే నడిచే పరిచయమన్నమాట. అవతలి మనిషికి మనమెవరో తెలియకపోయినా, ఇవతల మాత్రం పరిచయం పెరుగుతుంది, అలవాటవుతుంది, తెగిపోతే బాధేస్తుంది. ఇష్టమైన టీవీ పాత్రలు దూరమైనప్పుడు కలిగే దిగులు మామూలు బంధం తెగినప్పటి దిగులు దారిలోనే, కాస్త తక్కువ మోతాదులో నడుస్తుందని జొనథన్ కోహెన్ లాంటివాళ్లు కొలిచి చూపించారు కూడా.

అభిమానుల్లో మగవాళ్ల గురించి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది, చాలాచోట్ల అందరికంటే గట్టిగా అరిచేది వాళ్లే. అక్కడ పనిచేసేది ఇంకో పాత అలవాటని 2001లో జోసెఫ్ హెన్రిక్, ఫ్రాన్సిస్కో గిల్-వైట్ వాదించారు. గెలిచినవాడి దగ్గర చేరి, అతన్ని గమనించి, నడకా మాటా నేర్చుకోవడం మనిషి జాతికి పనికొచ్చిన తెలివి. జుట్టు దువ్వుకునే తీరు కాపీ కొట్టే కుర్రాడు చేస్తున్నది అదే. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, తమ మీద తమకి పెద్దగా నమ్మకం లేనివాళ్లు తమ అభిమాన తార గురించి రాశాక, తాము ఎలా ఉండాలని కోరుకుంటారో ఆ మనిషికి కాస్త దగ్గరైనట్టు భావించారు. అందరికీ ఇది మేలే చేస్తుందని కాదు. తారారాధనని కొలవడానికి 2002లో తయారైన ప్రశ్నావళిలో మూడు మెట్లున్నాయి, చివరి మెట్టు నిజంగా జబ్బుకి దగ్గరిది. ఆ మెట్టు మీద ఉన్నవాళ్లకి సాయం కావాలి, ఎగతాళి అక్కర్లేదు. కానీ ఎక్కువమంది మొదటి మెట్టు మీదే, నలుగురితో కబుర్లు చెప్పుకుంటూ హాయిగా ఉంటారు.

2011లో జార్జ్ న్యూమన్, గిల్ డీసెండ్రక్, పాల్ బ్లూమ్ ఒక ప్రశ్న అడిగారు: మీకు నచ్చిన ప్రముఖుడు వేసుకున్న స్వెటర్ మీరు కొనుక్కోవాలనుకున్నారు, దాన్ని శుభ్రంగా క్రిములు లేకుండా చేసి ఇస్తే ఎలా ఉంటుంది? జనానికి దాని మీద మోజు తగ్గిపోయింది. ఉతకనిదే కావాలి.

అది చదవగానే మా అక్క గుర్తొచ్చింది. పదహారేళ్లప్పుడు ఒక షూటింగ్ దగ్గర తన హీరో ఒక రూళ్ల కాగితం మీద సంతకం చేసిచ్చాడు. ఇప్పుడు తనకి యాభై దగ్గరపడుతోంది. కాగితం మడతల దగ్గర చీలిపోతోంది, సిరా నీలం నుంచి గోధుమ రంగులోకి తిరిగింది. లామినేట్ చేయిస్తానక్కా, పాడవకుండా ఉంటుంది అన్నాను. ఒప్పుకోలేదు. కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, సంతకం కింద కొద్దిగా నలిగిన చోట బొటనవేలు పెట్టి చూపించింది. "ఇదిగో, రాస్తున్నప్పుడు ఆయన చెయ్యి ఆనించింది ఇక్కడ. ప్లాస్టిక్ వేస్తే ఇది నా చేతికి తగలదు కదే."