ముట్టడి పడ్డాక మూట కట్టలేరు: జాతి వలసపై అపోహలు - వాస్తవాలు

ఒక్కొక్కరు ఒక్కో రాజ్యాన్ని ఆడే స్ట్రాటజీ రోల్‌ప్లేయింగ్ క్యాంపెయిన్లకు (నెలల తరబడి సాగే ఆటలకు) గేమ్ మాస్టర్‌గా, అంటే కథ నడిపేవాడిగా కూర్చునే నాకు పదేపదే వచ్చే మెసేజ్ ఇది: "రాజధాని చుట్టూ శత్రువులు దిగారు. ఇప్పుడు జనాన్ని తీసుకుని వెళ్లిపోవచ్చా?" వెళ్లొచ్చు. దేంతో వెళ్తారు? గాదెలు ఖాళీ. బండ్లు లాగాల్సిన ఎడ్లను కోసుకు తినేశారు. సైన్యంలో సగం గోడ మీదే పోయింది.

అపోహ: ముందు పోరాడి చూద్దాం, ఓడితే అప్పుడు వలస పోదాం.

వాస్తవం: జనం ఎక్కువగా నాశనమయ్యేది ఈ ఒక్క ఆలోచన వల్లే. ముట్టడిని తట్టుకోవాలన్నా, జాతిని తరలించాలన్నా కావాల్సినవి అవే: ధాన్యం, పశువులు, వెనక కాపు కాసే దళం. ఒకదానికి ఖర్చుపెట్టేశాక రెండోదానికి ఏమీ ఉండదు.

క్రీ.పూ. 58లో ఇప్పటి స్విట్జర్లాండ్ ప్రాంతం నుంచి కదిలిన హెల్వెటీ జాతి గురించి రోమన్ సేనాని సీజర్ రాసింది చూడండి. బండ్లు, ఎడ్లు కొనడానికి, వీలైనంత నేల విత్తడానికి రెండేళ్లు పెట్టుకున్నారు. మూడో ఏడు ప్రయాణం అని ముందే తీర్మానించారు. మనిషికి మూడు నెలల పిండి తప్పనిసరి. మన ఆటగాళ్లేమో మూడు టర్న్‌ల (ఆటలో వంతుల) ముందు కూడా ఆలోచించరు.

ఆటలు హెచ్చరించవా అంటే, మొహం మీదే చెబుతాయి. అంతరిక్ష సామ్రాజ్యాల వీడియోగేమ్ స్టెల్లారిస్‌లో డూమ్స్‌డే ఆరిజిన్ (మొదట్లో ఎంచుకునే జాతి నేపథ్యం) తీసుకుంటే సొంత గ్రహం 35 నుంచి 45 ఏళ్లలో పేలిపోతుందని మొదట్లోనే తెలుసు. అయినా చివరి పదేళ్లలో కూడా అక్కడే కట్టడాలు లేపుతుంటారు! టోటల్ వార్: అట్టిలా అనే యుద్ధాల వీడియోగేమ్‌లో ఆట క్రీ.శ. 395లో మొదలవుతుంది, చలి ముదిరేకొద్దీ నేల సారం పడిపోతుంటుంది. ఆ అంకె తెర మీదే ఉంటుంది. చూడాలి, అంతే.

నేను అందరికీ చెప్పేది ఒకటే. దిగుబడి వరసగా రెండుసార్లు తగ్గి, పొరుగువాడి సైన్యం మీకంటే వేగంగా పెరుగుతుంటే, ఆ టర్న్‌లోనే వలస గురించి తేల్చడానికి మీ రాజ్యసభ పిలవండి. "చివర్లో రహస్య ఈవెంట్ వచ్చి రాజ్యాన్ని కాపాడుతుందట" అని ఎవరో అన్నారని ఆగకండి. ఆ ఈవెంట్ రాయాల్సింది నేను. రాయలేదు.

అపోహ: సైన్యం బతికితే జాతి బతికినట్టే.

వాస్తవం: సీజర్ లెక్కలో బయల్దేరినవాళ్లు 3,68,000 మంది, ఆయుధం పట్టగలిగినవాళ్లు 92,000. అంటే నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గుర్నీ వదిలేస్తే మీకు మిగిలేది కిరాయి దండు. వాండల్స్ అనే జర్మానిక్ జాతి క్రీ.శ. 429లో స్పెయిన్ నుంచి ఆఫ్రికాకు జిబ్రాల్టర్ జలసంధి దాటినప్పుడు ముసలివాళ్లను, పిల్లలను, బానిసలను కూడా లెక్కలో కలిపారు. పదేళ్లకు ఉత్తర ఆఫ్రికాలోని పెద్ద నగరం కార్తేజ్ వాళ్లదైంది.

నా క్యాంపెయిన్‌లో ఒకావిడ కొండరాజ్యం ఆడేది. మంచు పడకముందే కమ్మరులను, మంత్రసానులను, విత్తనాలను కనుమ దాటించేసింది. ఖజానా సగం వదిలేసింది. పిరికిదని తక్కినవాళ్లు ఎగతాళి చేశారు. ఆమె రాజు కనుమ దగ్గర నిలబడి చనిపోయాడు. మర్నాడు ఆమె అతని చెల్లెలి పాత్రలో వచ్చి, కొత్త లోయలో ఎవరి ఇల్లు ఎక్కడో గీసిన మ్యాప్ పంపింది. ఆ మ్యాప్ నా దగ్గర ఇంకా ఉంది. ఎంత చక్కగా గీసిందో!

అపోహ: ఊళ్లు తగలబెట్టేస్తే జనం వెనక్కి చూడరు.

వాస్తవం: హెల్వెటీలు అదే చేశారు. సుమారు 12 పట్టణాలు, 400 పల్లెలు, మోసుకెళ్లలేని ధాన్యంతో సహా. తర్వాత సీజర్ చేతిలో ఓడి, 1,10,000 మంది ఆ బూడిదలోకే తిరిగొచ్చి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. తిండికి పొరుగు జాతి ధాన్యమే దిక్కయింది.

గుంపులుగా చీలిపోతే క్షేమం అన్నదీ అపోహే. చిన్న గుంపును దారిదోపిడీవాళ్లే మింగేస్తారు. ఆశ్రయమిచ్చే రాజు దయ మీద లెక్కలు వేయకండి, ముందే ఒప్పందం రాయించుకోండి.

ఇక, "వదిలేస్తే నా జాతికి ద్రోహం చేసినట్టు కాదా?" అని అర్ధరాత్రి అడిగేవాళ్లున్నారు. ఆటే కదా అని నేను నవ్వను. నెలల తరబడి పేర్లు పెట్టి పెంచుకున్న ఊళ్లవి. ఆ బాధను పాత్ర చేతనే చెప్పించండి, సభలో ఏడవనివ్వండి, గుడి పూజారిని రానని మొండికేయనివ్వండి. ఆ సీన్ ఎంత సాగినా నేను టర్న్ ముగించను. ధాన్యం షీట్ మాత్రం ఆ రాత్రే పంపండి, ఎన్ని టర్న్‌లు నడవగలరో లెక్కకట్టి చెబుతాను.