"ఆయనతో నేను చెయ్యలేనండి": అపోహలు - వాస్తవాలు

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో హెచ్ఆర్ పని చూస్తాను. నా దగ్గరికి జీతం గురించి వచ్చేవాళ్లకంటే "ఆయనతో నేను చెయ్యలేనండి" అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. అప్పటికే వాళ్లకి ఎవరో ఒకరు సలహా ఇచ్చి ఉంటారు. ఆ సలహాలతోనే నాకు తలనొప్పి.

అపోహ: మన గోదారోళ్ల వెటకారమే కదా, పట్టించుకోకూడదు.

వాస్తవం: వెటకారం నాకూ ఇష్టమే. అది లేకపోతే నైట్ షిఫ్ట్ గడవదు. కానీ ఇద్దరూ అనుకుంటేనే అది సరదా. కొత్తగా చేరిన క్వాలిటీ అమ్మాయిని ఒకాయన రోజూ "రండి మేడం గారూ, దయచేయండి" అని పలకరించేవాడు. వినడానికి మర్యాదే. లైనంతా నవ్వేది. కొన్నాళ్లకి ట్రేల్లో ఐసు తగ్గినా ఆ అమ్మాయి నోరు విప్పడం మానేసింది. ఐసు తగ్గితే రొయ్య ఏమవుతుందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆయన్ని పక్కకి పిలిచి, ఏ రోజు ఎవరి ముందు ఏమన్నాడో, దానివల్ల ఏ పని ఆగిందో చెప్పాను. "సరదాకన్నానండి" అన్నాడు. "ఆవిడ నవ్విందా?" అని అడిగాను. జవాబు లేదు. పూర్తిగా మారాడని చెప్పను గానీ, ఆ పలకరింపు మాత్రం ఆగింది.

అపోహ: ఆ మనిషి గుణమే అంత.

వాస్తవం: చాలాసార్లు గుణం కాదు, పని అమరిక. సరుకు దించుకునే గుమాస్తాకీ గ్రేడింగ్ సూపర్‌వైజర్‌కీ ఏడాదిపాటు మాటల్లేవు. కౌంట్ తప్పు రాస్తాడని సూపర్‌వైజర్, కావాలని తప్పులు పడతాడని గుమాస్తా. (కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. 30 కౌంట్ రేటు వేరు, 40 కౌంట్ రేటు వేరు.) ఒక రాత్రి నేనే వెళ్లి నిలబడ్డాను. మూడు బళ్లు ఒకేసారి వచ్చాయి, కాటా ఒక్కటే. డ్రైవర్లు తొందరపెడుతుంటే గుమాస్తా ఒక్క ట్రే నుంచే శాంపిల్ తీస్తున్నాడు. రెండో కాటా పెట్టించాం, శాంపిల్ తీసేటప్పుడు ఇద్దరూ ఉండాలన్నాం. వాళ్లిప్పటికీ కలిసి టీ తాగరు. కౌంట్ మీద గొడవ మాత్రం లేదు.

అపోహ: ఊళ్లో పెద్దమనిషి చేత చెప్పిస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: ఇది నేనే చేసి చేతులు కాల్చుకున్నాను. ఒకసారి గొడవపడ్డ ఇద్దరిదీ ఒకే ఊరని అక్కడి పెద్దాయన చెవిన వేశాను. షెడ్డులో ఉన్న గొడవ ఇళ్లకి పాకింది. ఆ సంక్రాంతికి రెండు ఇళ్లకీ మాటల్లేవు.

అపోహ: బూతు జోకులైనా సర్దుకుపోవాలి, కంప్లయింట్ ఇస్తే మనకే చెడ్డపేరు.

వాస్తవం: ఇక్కడ సర్దుబాటు మాటే లేదు. 2013 నాటి చట్టం ప్రకారం 10 మంది, అంతకుమించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత వహించేది మహిళే. 10 మంది కంటే తక్కువుంటే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. కిలో లెక్కన రొయ్యలు ఒలిచే కాంట్రాక్ట్ ఆడవాళ్లకీ ఈ చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలల వరకు గడువు పెంచవచ్చు. తేదీ, షిఫ్ట్, అన్న మాట, విన్నవాళ్లు ఎవరో రాసి పెట్టుకోండి. మా షెడ్డులోకి ఫోన్లు రానివ్వం కాబట్టి, గ్లౌజులు తీసి బయటికి రాగానే రాసేసుకోమని మావాళ్లకి చెబుతుంటాను.