డ్రిప్పు పైపును సబ్బుతో తోముతారా?

దేవరకొండ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో నేను చర్మం గురించి మాట్లాడటం అయ్యాక ఒక అమ్మాయి లేచింది. "సార్, రోజుకు ఐదుసార్లు సబ్బుతో మొహం కడుగుతున్న. మొటిమలు తగ్గుతలేవు. ఇంకెన్నిసార్లు కడగాలె?"

వాళ్లకు బత్తాయి తోట ఉందట. "డ్రిప్పు చోక్ అయితే మీ నాయిన పైపును సబ్బుతో తోముతడా?" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. "లేదు సార్, లోపలికి యాసిడ్ పంపిస్తడు."

మొటిమల గుట్టంతా ఆ జవాబులో ఉంది. చర్మంపై వెంట్రుక మొలిచే ప్రతి రంధ్రమూ ఒక డ్రిప్పరే. దాని పక్కన నూనె గ్రంథి ఉంటుంది, అది సీబం అనే జిడ్డును వదులుతుంది. యవ్వనంలో ఆండ్రోజెన్ హార్మోన్లు మోటరు ఆన్ చేస్తాయి. అబ్బాయిలకే కాదు, అమ్మాయిలకు కూడా. మన బోరు నీళ్లలోని ఉప్పు లోపల పేరుకుని డ్రిప్పర్‌ను మూసేసినట్టే, రంధ్రం లోపలి గోడ నుంచి రాలాల్సిన కణాలు రాలకుండా ఒకదానికొకటి అంటుకుని బిరడా కడతాయి. బయటి దుమ్ముకు ఇందులో పాత్ర లేదు. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది కూడా మట్టి వల్ల కాదు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్ల, గాలి తగిలి రంగు మారిన కొవ్వు వల్ల.

చెట్టు వాడిపోయాకే డ్రిప్పర్ మూసుకుందని తెలుస్తుంది. మొటిమా అంతే. మనకు కనపడటానికి వారాల ముందే లోపల బిరడా తయారై ఉంటుంది. అందుకే కనపడిన మొటిమ మీద మాత్రమే మందు చుక్క పెడితే లాభం లేదు. రైతు ఒక్క డ్రిప్పర్‌కే యాసిడ్ పెట్టడు కదా, లైనంతా పంపిస్తాడు.

ఇక్కడ నా పోలిక చెడుతుంది. ప్లాస్టిక్ డ్రిప్పర్ ఎవరితోనూ పోట్లాడదు. మూసుకున్న రంధ్రంలో ఆక్సిజన్ తక్కువ, జిడ్డు ఎక్కువ. క్యూటీబాక్టీరియం యాక్నెస్ అనే బాక్టీరియా అక్కడ పెరిగి, లైపేజ్ ఎంజైముతో జిడ్డులోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులను ఫ్యాటీ ఆమ్లాలుగా విరగ్గొడుతుంది. మన కణాల మీద కాపలాదారుల్లా ఉండే టీఎల్‌ఆర్-2 గ్రాహకాలు ఆ బాక్టీరియాను పసిగట్టి, దానితో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పిలుస్తాయి. గోడ పగిలి జిడ్డు చుట్టుపక్కలకు పారితే ఎరుపు, వాపు, చీము. గిల్లడమంటే డ్రిప్పర్‌ను మేకుతో పొడవడమే. మన చామనచాయ చర్మంలో ఆ మచ్చ నెలల తరబడి ఉంటుంది.

మరి మన యాసిడ్ ఏది? అడాపలీన్ 0.1 శాతం జెల్. కణాలు అంటుకోకుండా చూస్తుంది. రాత్రిపూట శనగ గింజంత తీసుకుని మొహమంతా పలచగా రాయాలి. మొదటి వారాల్లో పొట్టు లేస్తుంది, మంట ఉంటుంది, చాలామంది అక్కడే మానేస్తారు. 8 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి. గర్భిణులు వాడకూడదు. బాక్టీరియాకు బెంజాయిల్ పెరాక్సైడ్. 2.5 శాతం చాలు, 10 శాతం కొంటే ఎక్కువయ్యేది మంటే. దిండు గలీబు, తువ్వాలు రంగు పోతాయి కాబట్టి తెల్లవి వాడండి. యాంటీబయాటిక్ ఒక్కటే నెలల తరబడి వాడితే బాక్టీరియా దానికి లొంగడం మానేస్తుంది. గడ్డల్లా వచ్చి గుంటలు పడుతుంటే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

సబ్బా? రోజుకు రెండుసార్లు చాలు.

"పెళ్లయితే తగ్గుతయి" అనే మాట కూడా ఆ రోజు వచ్చింది. తగ్గేది పెళ్లి వల్ల కాదు, వయసు వల్ల. పాచి ఉమ్మి, టూత్‌పేస్టు పూతలకు ఆధారం లేదు. తీపి, మైదా ఎక్కువైతే కొందరికి పెరుగుతాయనడానికి మాత్రం కొంత ఆధారం ఉంది.

అందరూ వెళ్లాక వెనక బెంచీ అబ్బాయి జేబులోంచి ఒక ట్యూబు తీశాడు. "మెడికల్ షాపుల ఇచ్చిండ్రు సార్. మొదటి వారంల మొహం మస్తు తెల్లగైంది." చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్ అని ఉంది. స్టెరాయిడ్. చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం కట్టడి చేసింది. ఈ క్రీము వాపును అణచి వారంలో మురిపిస్తుంది, తర్వాత చర్మాన్ని పలచన చేసి తనే మొటిమలు పుట్టిస్తుంది. అబ్బాయి బుగ్గల మీద సన్నటి ఎర్ర రక్తనాళాలు కనపడుతున్నాయి. ఎనిమిది నెలలుగా రాస్తున్నాడట. ఒక్కసారిగా మానేస్తే ఇంకా ఎర్రబడుతుందని చెప్పి, ఆ ట్యూబు పట్టుకునే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను.