హింసావాదం వైపు మళ్లుతున్న యువత: క్షేత్రస్థాయి సిబ్బందిలో ఉన్న అపోహలు, వాస్తవాలు

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ సిబ్బందికి, ఉపాధ్యాయులకు ఈ విషయంపై శిక్షణ ఇచ్చే కౌన్సెలర్‌గా నాకు తరచూ వినిపించే అపోహలివి.

అపోహ: గడ్డం పెంచడం, మాల వేయడం, ప్రార్థనల్లో శ్రద్ధ పెరగడం ప్రమాద సంకేతాలు.

వాస్తవం: అవి భక్తికి గుర్తులు, అంతే. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరస్వామిని దర్శించుకునే ఈ నేలమీద, ఆచారాన్ని అనుమానించిన కార్యకర్తను ఆ వీధిలో ఎవరూ మళ్లీ నమ్మరు. పాత స్నేహితులను ఒక్కసారిగా దూరం పెట్టడం, ఒక వర్గాన్ని పురుగులతో పోల్చి మాట్లాడడం, హత్యను న్యాయమని సమర్థించడం వంటి మార్పులను గమనించాలి. వీటిలో ఏ ఒక్కటీ దానంతటదే రుజువు కాదు. ఒంటరితనం, చిరాకు మాత్రమే కనిపిస్తే అది కుంగుబాటు కావచ్చు కాబట్టి, ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరును కుటుంబానికి ఇవ్వాలి.

అపోహ: చదువులేని పేదలే ఇటు వెళతారు.

వాస్తవం: 2016 జులైలో ఢాకాలోని హోలీ ఆర్టిజన్ బేకరీపై దాడి చేసినవారిలో సంపన్న కుటుంబాల విద్యార్థులున్నారు.

అపోహ: గట్టిగా వాదించి తప్పని నిరూపిస్తే మారతాడు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమేనని నా అభిప్రాయం. "రాత్రంతా ఫోను పట్టుకొని కూచుంటాడక్కా, ఏమన్నా అంటే మీద పడతాడు" అని తల్లి చెప్పినప్పుడు, కార్యకర్త ఆ పిల్లవాడికి నీతిబోధ మొదలుపెడితే, "లోకమంతా నీకు శత్రువే" అని అతనికి నూరిపోస్తున్నవారి మాటే నిజమైనట్టు అతనికి తోస్తుంది. "నిన్ను అంతగా బాధపెట్టింది ఏంది నాయనా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా అడ్డు తగలకుండా వినాలి. చాలాసార్లు దాని వెనుక ఒక అవమానమో, దొరకని ఉద్యోగమో ఉంటుంది. ఫ్యాక్షన్ పగలు తండ్రి నుంచి కొడుకుకు ఎలా సంక్రమించాయో చూసిన మన సీమవాసులకు ఇది కొత్త సంగతేమీ కాదు.

అపోహ: ఎవరికైనా చెబితే పిల్లవాడి బతుకు పాడవుతుంది.

వాస్తవం: చెప్పడమంటే శిక్షకు అప్పగించడమే కాదు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో పోలీసులు, మునిసిపాలిటీ కలిసి, సిరియా యుద్ధానికి వెళ్లి తిరిగివచ్చి ఏ నేరమూ రుజువుకాని యువకులకు చదువు, ఉపాధి, మార్గదర్శకుల తోడ్పాటు అందించారు. అయితే ఆయుధం, తేదీ, లక్ష్యం వంటి మాటలు వినిపిస్తే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకుండా 112కు ఫోన్ చేయాలి. మిగిలిన సందర్భాల్లో అతను అన్న మాటలను అన్నట్టుగానే, తేదీతో సహా, మన అభిప్రాయం కలపకుండా రాసుకొని పర్యవేక్షకురాలికి అందజేయాలి. ఇరుగుపొరుగువారి దగ్గర మాత్రం ఆ ప్రస్తావనే తేకూడదు.