సేఫ్టీ వాడినా భయం పోవట్లేదా? పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

నేను గుంటూరు కొత్తపేటలో ఒక ల్యాబులో చాలా ఏళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి, పెదనాన్న అనుకోండి. చదువులు అయిపోయి ఉద్యోగాల్లో పడ్డారే, ఇరవై దాటిన అబ్బాయిలు అమ్మాయిలు, మీకు రాస్తున్నా ఇది. ఇంట్లో ఈ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ ఉండదు, నాకు తెలుసు. ఎవరితోనో కలిశారు, కండోమ్ వాడారు, అది చిరగలేదు, జారలేదు, అంతా బానే ఉంది, కానీ హెచ్ఐవీయో, ఇంకేదన్నా సుఖవ్యాధో అంటుకుందేమో అని ఆ రాత్రి నుంచి నిద్ర లేదు, ఫోన్ పట్టుకుని తెల్లారిందాకా వెతుకుతూనే ఉన్నారు. ఈ ఉత్తరం వాళ్ల కోసం.

ముందు సమాధానం చెప్పేస్తా. కండోమ్ మొదటి నుంచి చివరిదాకా ఉండి, చిరక్కుండా, జారకుండా ఉంటే హెచ్ఐవీ వచ్చే అవకాశం దాదాపు లేనట్టే. లేటెక్స్‌ని దాటి ఆ వైరస్ రాలేదు. ముద్దు పెట్టుకుంటేనో, చెమట అంటితేనో, ఉమ్ము తగిలితేనో, ఆ లాడ్జిలో టవల్ వాడితేనో రాదు. గనేరియా (మన పెద్దోళ్లు సెగరోగం అనేవాళ్లే), క్లమీడియా, ఇవి కూడా ఒంట్లోంచి వచ్చే ద్రవాలతో అంటుకునేవి కాబట్టి కండోమ్ వాటినీ బాగానే ఆపిద్ది. సిఫిలిస్, హెర్పిస్ (నీటిపొక్కులు వచ్చేది), హెచ్‌పీవీ (పులిపిర్లు తెప్పించే వైరస్) మాత్రం చర్మానికి చర్మం తగిలినా రావచ్చు, కండోమ్ కప్పని చోట పుండు ఉంటే అక్కడ రక్షణ ఉండదు, అంటే రిస్క్ బాగా తగ్గిద్ది గానీ సున్నా అయితే కాదు. నోటితో చేసేటప్పుడు కండోమ్ లేదంటే హెచ్ఐవీ రిస్క్ చాలా చాలా తక్కువే, కానీ గనేరియా, సిఫిలిస్, హెర్పిస్ అలా కూడా వస్తాయి. ఇది దాచిపెట్టి "ఏం కాదులే" అని చెప్తే మీరు నన్ను నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా.

ఇక భయం మొదలయ్యాక ఒళ్లు ఎట్లా ఆటలాడిద్దో చెప్తా, ఎందుకంటే నేను ఎక్కువ చూసింది అదే. అద్దం ముందు నాలుక బయటపెట్టి తెల్లగా ఉందా అని చూసుకుంటారు. మే నెల బెజవాడ ఎండలో బైక్ మీద తిరిగి నీళ్లు సరిగా తాగకపోతే ఎవరికైనా యూరిన్ మండిద్ది, పసుపు పచ్చగా వచ్చిద్ది, దాన్ని సెగరోగం అనుకుంటారు. తొడల దగ్గర చెమటపొక్కుల్ని రాష్ అంటారు. అంగం అంచు చుట్టూ వరసగా చిన్న తెల్లచుక్కలు ఉంటాయి, చాలామందికి వయసొచ్చినప్పటి నుంచీ ఉండేవే, ఎన్నడూ అంత పరీక్షగా చూసుకోలేదు కాబట్టి ఇప్పుడే వచ్చాయి అనిపిస్తాయి. అమ్మాయిలకి మామూలుగా అయ్యే తెల్లబట్ట కూడా ఆ వారం రోజులూ రోగంలాగే కనపడిద్ది. జ్వరం, గొంతునొప్పి వస్తే ఇంక చెప్పక్కర్లేదు, హెచ్ఐవీ సోకిన కొత్తలో, అంటే రెండు నుంచి నాలుగు వారాల్లో జ్వరం రావచ్చు అని ఎక్కడో చదివి ఉంటారు, అది నిజమే, కానీ అది అచ్చం మామూలు వైరల్ ఫీవర్ లాగే ఉండిద్ది, లక్షణాలు చూసి హెచ్ఐవీ ఉందో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు.

ఒక కుర్రాడు గుర్తొస్తున్నాడు. మాస్క్ పెట్టుకుని వచ్చేవాడు, చీటీ మీద ప్రతిసారీ వేరే పేరు రాయించేవాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో వేరే వేరే ల్యాబుల రిపోర్టులు వరసగా తేదీల ప్రకారం, అన్నీ నెగెటివే, చివరిది మూడు నెలలు దాటాక చేయించింది. "అంకుల్, మిషన్ తప్పు చూపించే ఛాన్స్ ఏమన్నా ఉంటదా" అని అడిగాడు. అడుగుతూనే దవడ కింద రెండు వేళ్లతో నొక్కుకుంటున్నాడు, గడ్డ ఉందని. ఆ చోట చర్మం ఎర్రగా కందిపోయింది, రోజంతా అట్లా నొక్కితే లేని గడ్డ కూడా వాచిద్ది. పుండు మానిందో లేదో అని పక్కు పీకి పీకి చూసినట్టే అది. కాసేపు కూచోబెట్టి నీళ్లిచ్చి మాట్లాడితే అప్పుడు బయటపడింది, నరసరావుపేటలో సంబంధం ఖాయమైందంట, వచ్చే నెల నిశ్చితార్థం. వాడి భయమంతా అక్కడుంది. "ఆ అమ్మాయికి నావల్ల ఏమన్నా అయితే" అని ఒక పక్క, "ఇంట్లో తెలిస్తే" అని ఇంకో పక్క. రక్తంలో లేని రోగాన్ని వెతికి పట్టుకోమంటే మా మిషన్ ఏం చేసిద్ది చెప్పండి.

ఈ భయం ఊరికే రాలేదులెండి. 2000ల మొదట్లో మన రాష్ట్రంలో ఎక్కడ చూసినా పులిరాజా అనే కల్పిత మనిషి పేరుతో ఎయిడ్స్ ప్రచారం హోర్డింగులే, పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని. అప్పుడు అది అవసరమే, మన కోస్తా జిల్లాల్లో కేసులు ఎక్కువుండేవి, మందులు కొనలేక చనిపోయినవాళ్లని నేను చూశా. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్ఐవీని అణిచిపెట్టే మందులు, ఇవ్వడం మొదలుపెట్టింది 2004లో. ఇప్పుడు ఆ మందులు రోజూ వేసుకుంటూ రక్తంలో వైరస్ కనపడనంత తగ్గిపోయినవాళ్ల నుంచి కలయిక ద్వారా ఇంకొకరికి సోకదు కూడా. జబ్బు అంత మారింది, మన భయం మాత్రం ఆ హోర్డింగు దగ్గరే ఆగిపోయింది.

సరే, టెస్ట్ సంగతి. ఆ మర్నాడే పరిగెత్తుకెళ్లి చేయించుకుంటే ఉపయోగం లేదు, అది అంతకుముందు సంగతి చెప్పిద్ది గానీ ఆ రాత్రి సంగతి చెప్పదు. పెద్ద ల్యాబుల్లో చేసే ఫోర్త్ జనరేషన్ హెచ్ఐవీ టెస్ట్, చేతి నరంలోంచి రక్తం తీసి వైరస్ ముక్కనీ, దాని మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీల్నీ రెండిటినీ వెతికేది, 45 రోజులకి నెగెటివ్ వస్తే నమ్మొచ్చు. వేలికి గుచ్చి యాంటీబాడీల్ని మాత్రమే వెతికే ర్యాపిడ్ టెస్ట్ అయితే 90 రోజులు ఆగాలి. సిఫిలిస్ పుండు సాధారణంగా మూడు వారాల ప్రాంతంలో వచ్చిద్ది, 10 నుంచి 90 రోజుల్లో ఎప్పుడైనా రావచ్చు, నొప్పి ఉండదు కాబట్టే గమనించరు, దానికి వీడీఆర్ఎల్ అనే రక్తపరీక్ష ఉంది, తేలితే పెన్సిలిన్‌తో నయమైద్ది. సెగరోగం అయితే రెండు వారాల్లోపే చీము, మంట కనపడతాయి మగవాళ్లకి. ఆడవాళ్లకి చాలాసార్లు ఏమీ తెలీదు, క్లమీడియా అయితే మగవాళ్లకీ తెలీదు, అందుకని అనుమానం ఉంటే టెస్టే దారి.

నేను చెప్పేది ఏందంటే, మీరు చేయించుకునే టెస్టుని బట్టి మీ అనుమానానికి క్యాలెండర్ మీద ఒక తేదీ పెట్టండి. ఆ రోజు వెళ్లండి, ఒక్కసారి చేయించుకోండి, నెగెటివ్ వస్తే ఆ రాత్రికి సంబంధించి ఆ జబ్బు లెక్క అయిపోయినట్టే. ఇంకో ల్యాబు, ఇంకో కిట్టు వద్దు. ఆ తేదీ దాకా గొంతు నొక్కుకోవడం, ఫొటోలు తీసి పోల్చుకోవడం కూడా ఆపండి.

డబ్బుల్లేవనో, ఎవరన్నా చూస్తారనో ఆగొద్దు. గుంటూరు జీజీహెచ్‌ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో గానీ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో గానీ ఐసీటీసీ అని బోర్డు ఉండిద్ది, హెచ్ఐవీ గురించి మాట్లాడి టెస్ట్ చేసే చోటు అది, అక్కడ ఉచితం. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, మీరు ఒప్పుకున్నాకే రక్తం తీస్తారు, ఫలితం మీకే చెప్తారు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మామూలుగా మీ అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు, ఇంకొకరికి చెప్పకూడదు. పుండు, చీము లాంటివి ఉంటే అక్కడే సురక్ష క్లినిక్ అని సుఖవ్యాధులకి విడిగా ఉండిద్ది. బస్టాండ్ గోడల మీద "సుఖవ్యాధులు గ్యారంటీగా నయం" అని పోస్టర్లు చూస్తారే, లాడ్జి రూముల్లో కూచుని చూసేవాళ్లు, వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ముందుజాగ్రత్త అని ఆర్ఎంపీ చేత యాంటీబయాటిక్ ఇంజక్షన్ కూడా వేయించుకోవద్దు, నిజంగా జబ్బుంటే సగం అణిగిపోయి తర్వాత పట్టుకోవడం కష్టమైద్ది.

కండోమ్ నిజంగానే చిరిగిందనుకోండి, అప్పుడు నా ఉత్తరం చదువుతూ కూచోవద్దు. 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, పెప్ అనే మందులు మొదలుపెడితే హెచ్ఐవీ రాకుండా చాలావరకు ఆపొచ్చు, 28 రోజులు వాడాలి. పెద్దాసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లండి, రాత్రయితే క్యాజువాలిటీకే వెళ్లి పెప్ కావాలని అడగండి. అమ్మాయిలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, మర్నాడు వేసుకునే ఆ మాత్ర గర్భం రాకుండా చేసేది మాత్రమే, రోగాల్ని ఆపదు. కండోమ్ పర్సులో నెలల తరబడి పెట్టుకుంటే వేడికి పాడైద్ది, కొబ్బరినూనె రాస్తే చిరిగిద్ది, రెండు తొడిగితే రాపిడికి ఇంకా తొందరగా చిరిగిద్ది. హెపటైటిస్ బీ (కలయిక ద్వారా కూడా సోకే కాలేయం జబ్బు), హెచ్‌పీవీ రెండిటికీ టీకాలున్నాయి, వేయించుకోకపోతే డాక్టర్ని అడగండి.

టెస్ట్ నెగెటివ్ వచ్చి, తేదీ దాటిపోయి, అయినా భయం పోకపోతే అప్పుడు చూపించుకోవాల్సింది రక్తాన్ని కాదు, మనసుని. తప్పు చేశాననే బాధ గుండెలో కూచుంటే అది ఒంటి మీద రోగంలాగే కనపడిద్ది, ఆ కుర్రాడి విషయంలో అదే జరిగింది. మీరు చేసింది తప్పా ఒప్పా అని నేను తీర్పు చెప్పట్లేదు, మీరు పెద్దవాళ్లు. కానీ ఆ బాధని ఎవరో ఒకరికి నోరు తెరిచి చెప్పాలి, నమ్మకమున్న స్నేహితుడికైనా, సైకియాట్రిస్ట్‌కైనా. ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. హెచ్ఐవీ గురించి డౌట్లయితే 1097 హెల్ప్‌లైన్. రెండూ ఉచితమే, 1097కి పేరు కూడా చెప్పక్కర్లేదు.

ఉంటాను,
మీ పెదనాన్న
గుంటూరు