సరిహద్దు దాటితే కేసు పోతుందా? మహిళలపై హింస: అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడి కోర్టులో కుటుంబ వివాదాలు, గృహహింస దరఖాస్తులు చూసే న్యాయవాదిగా నేను కలిసే స్త్రీలలో చాలామంది తెలుగింటి ఆడపడుచులే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ పట్టణం ఆ వైపుకు వెళ్లింది గాని, పెళ్లి సంబంధాలు మాత్రం ఎప్పటిలాగే సాగాయి. కాశీనగరం పిల్లను పాతపట్నానికి ఇచ్చినవారు, మెళియాపుట్టి నుంచి కోడలిని తెచ్చుకున్నవారు, రాయగడ, గుణుపురాల నుంచి పార్వతీపురంతో వియ్యమందినవారు ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇంట్లో గొడవ హద్దు మీరిన రోజున మాత్రం రాష్ట్రాల సరిహద్దు అందరికీ గుర్తుకొస్తుంది. "అది ఆంధ్రా కేసు, ఇక్కడ నడవదు" అని ఒక ఠాణాలో, "అమ్మాయిది ఒడిశా కదా, అక్కడికే వెళ్లమనండి" అని మరో ఠాణాలో చెప్పించుకుని తిరిగేసరికి నెలలు గడిచిపోతాయి. కింద రాసిన అపోహలు పైకి వేర్వేరుగా కనిపించినా, అవన్నీ చేసే పని ఒక్కటే: బాధితురాలిని ఇంకొన్నాళ్లు ఆగేలా చేయడం. ఆ ఆలస్యం వల్ల లాభపడేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: అత్తవారి ఊరు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడే కేసు వేయాలి.

మా ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టంలోని సెక్షన్ 27 ప్రకారం, బాధితురాలు శాశ్వతంగా గాని తాత్కాలికంగా గాని నివసిస్తున్న చోట, లేదా ప్రతివాది నివసించే చోట, లేదా సంఘటన జరిగిన చోట ఉన్న మెజిస్ట్రేటు ఎవరైనా దరఖాస్తు తీసుకోవచ్చు. తాత్కాలికంగా అంటే కన్నవారింటికి వచ్చి తలదాచుకున్నా సరిపోతుంది. ఆ సెక్షన్‌లోనే ఉన్న మరో వాక్యాన్ని చాలామంది గమనించరు: ఈ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా అమలవుతుంది. పర్లాకిమిడిలో ఇచ్చిన రక్షణ ఉత్తర్వు పాతపట్నంలోనూ, టెక్కలిలోనూ, సూరత్‌లోనూ చెల్లుతుంది. భరణం కోసం వేసే దరఖాస్తును కూడా భార్య తానుంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు.

క్రిమినల్ కేసు విషయంలో చాలాకాలం హైకోర్టుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉండేవి. రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు 2019లో దాన్ని తేల్చింది. క్రూరత్వం అత్తవారింట్లోనే జరిగినా, దాని మానసిక వేదన కన్నవారింట్లోనూ కొనసాగుతుంది కాబట్టి, ఆమె ఆశ్రయం పొందిన చోట ఉన్న కోర్టుకు కూడా అధికార పరిధి ఉంటుందని ఆ తీర్పు సారాంశం. ఇక ఫిర్యాదు సంగతికి వస్తే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం తీసుకుని నమోదు చేయాలని సెక్షన్ 173లో స్పష్టంగా రాసింది. దీన్నే వాడుకలో జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఠాణాలో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు. అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. "పరిధి కాదు" అని నోటిమాటగా చెప్పి పంపేస్తే, ఆ మాటనే కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. అలా అడిగిన తరువాత ఫిర్యాదు తీసుకున్న సందర్భాలను నేను పలుమార్లు చూశాను.

అపోహ: కోర్టుకెక్కితే మొగుడిని జైల్లో పెడతారు, కాపురం కూలిపోతుంది.

ఈ భయం వెనుక రెండు వేర్వేరు చట్టాలను ఒకటిగా కలిపేసిన గందరగోళం ఉంది. భార్య పట్ల క్రూరత్వం భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 85 కింద నేరం. పాత భారత శిక్షాస్మృతిలోని 498ఎ ఇప్పుడు ఆ సంఖ్యతో ఉంది. అందులో కూడా ఫిర్యాదు అందిన వెంటనే యాంత్రికంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు 2014లోనే చెప్పింది. గృహహింస చట్టం దారి వేరు. మెజిస్ట్రేటు ముందు వేసే ఆ దరఖాస్తులో కోరేది శిక్షను కాదు, ఉత్తర్వులను: కొట్టకూడదని, ఆమె పనిచేసే చోటికి వెళ్లి గొడవ చేయకూడదని, ఇంట్లోంచి గెంటకూడదని, నెలనెలా ఖర్చులకు ఇంత ఇవ్వాలని, పిల్లలను తల్లి దగ్గర ఉంచాలని. విడాకులు కోరకుండానే, కాపురం కొనసాగిస్తూనే ఇవన్నీ అడగవచ్చు. ఆ రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినప్పుడే అది నేరమై, ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా పడే అవకాశం ఉంటుంది. మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లో ఉండాలని, దరఖాస్తును 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఆ గడువులు నిలబడవు, వాయిదాలు పడతాయి. అందుకే ప్రధాన దరఖాస్తుతో పాటే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు, అంటే తుది ఉత్తర్వు వచ్చేలోగా అమలయ్యే ఉత్తర్వు కోరడం మరచిపోకూడదు.

అపోహ: పెళ్లయి ఏడేళ్లు దాటితే కేసు ఉండదు.

చదువుకున్నవారు కూడా దీన్ని గట్టిగా నమ్ముతారు. ఏడేళ్ల ప్రస్తావన ఉన్నది ప్రధానంగా వరకట్న మరణానికి సంబంధించిన న్యాయ సంహిత సెక్షన్ 80లోనూ, అలాంటి మరణాలలో అత్తింటివారే కారణమని కోర్టు చేసే ఊహ విషయంలోనూ. బతికున్న స్త్రీ మీద జరిగే క్రూరత్వానికి పెళ్లయి ఎన్నేళ్లయిందన్న లెక్కే లేదు; ఇరవయ్యేళ్ల కాపురం తరువాత కూడా సెక్షన్ 85 వర్తిస్తుంది. చివరి సంఘటన జరిగిన మూడేళ్లలోగా కదలాలన్న కాలపరిమితి మాత్రం దానికి ఉంది. గృహహింస చట్టం కింద వేసే దరఖాస్తుకు ఆ పరిమితి అడ్డు కాదని కామాక్షి కేసులో సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

అపోహ: కొట్టిన దెబ్బలు కనిపిస్తేనే హింస.

గంజాం, గజపతి జిల్లాల నుంచి మగవారు సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లడం తరాలుగా ఉన్నదే. అలా వెళ్లిన మనిషి రెండేళ్లుగా డబ్బు పంపడం లేదు, ఫోను ఎత్తడం లేదు, ఇంటి దగ్గర అత్తమామలు రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం లాగేసుకున్నారు. "ఒక్క దెబ్బా కొట్టలేదు కదమ్మా" అంటారు పెద్దమనుషులు. గృహహింస చట్టంలోని సెక్షన్ 3 శారీరక, లైంగిక హింసలతో పాటు మాటలతో, మానసికంగా పెట్టే బాధనూ, ఆర్థిక హింసనూ స్పష్టంగా పేర్కొంది. ఇంటి ఖర్చులకు డబ్బు ఆపేయడం, స్త్రీధనాన్ని అమ్మేయడం, జీతం లాక్కోవడం ఆర్థిక హింసే. ఇది భార్యలకు మాత్రమే పరిమితం కాదు. తల్లి, చెల్లెలు, వితంతువైన వదిన, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న స్త్రీ కూడా ఈ చట్టాన్ని ఆశ్రయించవచ్చు. ప్రతివాది మగవాడే కానక్కరలేదని 2016లో హీరల్ హర్సోరా తీర్పు తేల్చింది.

అపోహ: ఇల్లు అత్తగారి పేరున ఉంది, కోడలికి అక్కడ ఉండే హక్కు లేదు.

ఒకప్పుడు ఈ వాదనకు సుప్రీంకోర్టు తీర్పే ఆధారంగా ఉండేది. 2020లో సతీష్ చందర్ అహూజా కేసులో ఆ పాత అభిప్రాయాన్ని కోర్టు తోసిపుచ్చింది. ఇల్లు అత్తమామల సొంతమైనా, కోడలు అక్కడ ఉమ్మడి కాపురం చేసి ఉంటే అది ఆమె నివాస హక్కు ఉన్న ఇల్లే అవుతుంది. నివాస హక్కు వేరు, యాజమాన్యం వేరు. ఇంట్లో వాటా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అపోహ: పెద్దలు తగవు తీర్చి కాగితం రాశారు, ఇక కోర్టుకు వెళ్లే దారి లేదు.

పెద్దమనుషుల తగవు వల్ల మేలే జరగదని నేను అనను. తాగి వచ్చే అల్లుడిని ఊరి పెద్ద గద్దించి దారిలో పెట్టిన ఇళ్లు ఉన్నాయి. అయితే స్టాంపు కాగితం మీద "మేమిద్దరం విడిపోయాము, ఒకరిపై ఒకరికి హక్కులు లేవు" అని రాసి సంతకాలు చేయించినంత మాత్రాన హిందూ వివాహం రద్దు కాదు. కులాచారం ప్రకారం విడాకులకు చట్టం చోటిచ్చింది గాని, అలాంటి ఆచారం నిజంగా ఉందని కోర్టులో రుజువు చేయవలసి ఉంటుంది. భరణం అడగనని రాయించుకున్న షరతు కోర్టును కట్టిపడేయదు. ఆ కాగితాన్ని నమ్మి మగవాడు మరో పెళ్లి చేసుకుంటాడు. మొదటి భార్య ఇటు భార్యా కాక, అటు విడాకులు పొందినదీ కాక మిగిలిపోతుంది. తగవులో ఆమె మాట్లాడిందా లేక ఆమె తరఫున తండ్రి, అన్నలు మాట్లాడారా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న. దానికి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒక్కటే.

అపోహ: ఈ కేసుల్లో చాలావరకు అబద్ధాలే.

నిజాయితీగా చెప్పాలంటే, మరిది నుంచి మేనత్త వరకు పది పేర్లు ఫిర్యాదులో రాసే అలవాటు ఉంది, అది తప్పు కూడా. తెలంగాణకు చెందిన దారా లక్ష్మీనారాయణ కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ ధోరణిని తీవ్రంగా విమర్శించింది. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెప్పగలిగినవారి పేర్లే రాయమని నేను పట్టుబడతాను; అసలు దోషి మీద కేసు బలహీనపడేది ఆ అదనపు పేర్ల వల్లనే. కాని అసలు సమస్య దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 30 శాతం మంది భర్త చేతిలో హింసను అనుభవించారు. హింసకు గురైనవారిలో సాయం కోరినది 14 శాతం మందే, నాలుగింట మూడు వంతుల మంది ఆ విషయం ఎవరికీ చెప్పనే లేదు. భర్త భార్యను కొట్టడానికి ఏదో ఒక కారణం సమంజసమేనని అదే సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 80 శాతానికి పైగా స్త్రీలే అన్నారు. ఫిర్యాదు ఇవ్వడమే అరుదైన చోట, ఇచ్చిన వాటిని ముందే అనుమానించడం వల్ల ఆ కొద్దిమంది కూడా వెనక్కి తగ్గుతారు.

అపోహ: కట్నం మేమే ఇచ్చాం కాబట్టి బయటపెడితే మాకే శిక్ష.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఇవ్వడాన్నీ నేరంగానే చూస్తుంది గాని, బాధితురాలు ఇచ్చిన వాంగ్మూలం ఆధారంగా ఆమెనే ఆ చట్టం కింద విచారించకూడదని సెక్షన్ 7 చెబుతుంది. పెళ్లిలో ఆమెకు పెట్టిన బంగారం, సారె సామాను ఆమె స్త్రీధనం. అత్తగారి బీరువాలో ఉన్నా అది ఆమెదేనని 1985లో ప్రతిభారాణి తీర్పు నుంచీ స్థిరపడిన విషయం. ఆడపడుచు కట్నం పేరుతో చేతులు మారిన నగదుకు రసీదులు ఉండవు. అందుకే నగల దుకాణం బిల్లులు, పెళ్లి ఫోటోలు దాచుకోమని చెబుతాను.

అపోహ: ఆసుపత్రిలో ఏం చెప్పినా ఒకటే.

కాదు. పరువు పోతుందని "మెట్ల మీద జారిపడ్డాను" అని చెబితే చీటీలో అదే పడుతుంది, ఆరు నెలల తరువాత అవతలి న్యాయవాది ఆ చీటీనే చదివి వినిపిస్తారు. దెబ్బ ఎవరు కొట్టారో డాక్టరుకు నిజం చెప్పండి.

అపోహ: చిల్లంగి (చేతబడి) చేస్తుందని ముద్ర వేయడం మూఢనమ్మకమే, చట్టం చేయగలిగింది లేదు.

ఇలాంటి వ్యవహారాలలో నింద ఎవరి మీద పడిందో చూడండి: ఎక్కువగా ఒంటరి వితంతువు, ఆమె పేరున కొంత భూమి, దాని మీద కన్నున్న దగ్గరి బంధువు. ఒడిశా 2013లోనే దీనిపై ప్రత్యేక చట్టం చేసింది. మంత్రగత్తె అని ముద్ర వేయడం, వేధించడం దాని కింద శిక్షార్హం.

భూమి మాట వచ్చింది గనుక ఒక సరిహద్దు విచిత్రం చెప్పాలి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటాను అప్పటి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఇచ్చింది. ఒడిశాలోని తెలుగు కుటుంబాల ఆడపిల్లలకు ఆ హక్కు హిందూ వారసత్వ చట్టానికి కేంద్రం చేసిన సవరణతో 2005 సెప్టెంబరు 9న వచ్చింది. పెళ్లయినా, తండ్రి అంతకు ముందే చనిపోయినా ఆ హక్కు ఉంటుందని వినీతా శర్మ తీర్పు 2020లో స్పష్టం చేసింది. "కట్నం ఇచ్చాం, ఇంకేం వాటా" అన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు కాబట్టి, మా జిల్లాలోని సవర స్త్రీల విషయాన్ని విడిగా పరిశీలించవలసి ఉంటుంది.

అపోహ: లాయరు ఫీజు, ఒడియా కాగితాలు మావల్ల కావు.

న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 12 ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం హక్కుగా లభిస్తుంది. జిల్లా న్యాయ సేవల సంస్థ కార్యాలయంలో నోటితో చెప్పినా వింటారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. అత్యవసరమైతే 112, మహిళా సహాయం కోసం 181. ఠాణాలో మీరు తెలుగులో చెప్పినదాన్ని ఒడియాలో రాసుకుంటే, సంతకం పెట్టే ముందు దాన్ని తెలుగులో చదివి వినిపించమని అడగండి, తేదీలు, పేర్లు సరిపోయాకే సంతకం చేయండి. రాసుకున్నదాన్ని ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలన్నది చట్టంలోనే ఉంది, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలన్నదీ ఉంది. మొదటిసారి వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, పెళ్లి ఫోటో, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆసుపత్రి చీటీలు తెచ్చుకోండి. అవి అత్తవారింట్లో ఉండిపోతే ఒట్టి చేతులతో రండి, వాటిని తెప్పించమని మెజిస్ట్రేటునే కోరవచ్చు.